రోజూ గుప్పెడు వాక్కాయలు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నలుగురు. వసారాలో నులకమంచం మీద పోతురాజు, అన్నం తిని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెరట్లో అతని భార్య పార్వతి బట్టలు ఉతుకుతోంది. వంటింట్లో కోడలు ప్రసన్న. గడప దగ్గర పదో తరగతి లెక్కలు చేసుకుంటూ కూతురు యోగిత. కొడుకు శివ లారీ మీద వైజాగ్ వెళ్ళాడు. నెలలో ఇరవై రోజులు ఇంటి పట్టున ఉండడు కాబట్టి వాణ్ణి లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఇంకొకరు కూడా ఉన్నారుగాని, ఆ సంగతి ప్రసన్నకూ శివకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"యోగీ, ఇట్రా," అని లోపలినించి చిన్నగా పిలుపు వినపడింది.

యోగిత పుస్తకం బోర్లా పెట్టి వెళ్ళింది. వదిన బియ్యం డబ్బా మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"రాఘవయ్యగారి తోట కంచెకి వాక్కాయలు కాశాయా?"

"కాశాయి. ఇంకా పచ్చివే."

"పచ్చివే కావాలి. బడినించి వచ్చేప్పుడు గుప్పెడు కోసుకురా. మీ అమ్మ కంట పడనీకు."

ఎందుకని యోగిత అడగలేదు. అడిగే అలవాటు ఆ పిల్లకి లేదు. ప్రసన్నే చెప్పింది. మూడో నెలట. పన్ను నొప్పని చెప్పి శివతో నూజివీడు వెళ్ళింది అందుకేనట.

"రెండుసార్లు చూశావుగా. నెల తప్పిందో లేదో ఊరంతా డప్పు కొట్టారు. వచ్చిన ప్రతి ఆవిడా నా పొట్ట వంక చూసి పోయేది. రెండుసార్లూ నిలవలేదు. ఈసారి అయిదో నెల వచ్చేదాకా మీ అమ్మక్కూడా చెప్పను. నీకెందుకు చెప్పానో తెలుసా?"

యోగిత తల అడ్డంగా ఊపింది.

"నీ నోట్లో నాలుక లేదు గనక."

ఇద్దరూ నోరు మూసుకుని నవ్వుకున్నారు. నోట్లో నాలుక లేని పిల్ల అన్న మాటని బళ్ళోనూ ఇంట్లోనూ తిట్టుగానే విన్నది యోగిత. అది మెచ్చుకోలుగా వినపడటం అదే మొదటిసారి.

మామిడి కాయ దిగిపోయి నెల దాటింది. చాట్రాయి చుట్టుపక్కల తోటలన్నీ వానకి తడిసి, మనుషుల అలికిడి లేక పడి ఉన్నాయి. రాఘవయ్య నూజివీడు షావుకారు. కాపు రోజుల్లో ఆయన కంచె దగ్గర నిలబడితేనే కాపలావాడు కసిరేవాడు. కాయ దిగాక ఎవరి గోలా లేదు. కంచె పొడవునా వాక్కాయ పొదలు వాటంతటవే మొలిచి గోడలా అల్లుకున్నాయి. నాలుగు రోజులు ఆగితే కాయలు ఎర్రబారి, ఆపైన నల్లబడి తియ్యగా అవుతాయి. అవి పిల్లలవి. యోగితకి కావలసినవి చిటికెన వేలి కొస అంత ఉండే లేత ఆకుపచ్చవి. ముళ్ళ మధ్యకి చెయ్యి పోనిచ్చి తుంపితే తొడిమ దగ్గర తెల్లటి పాలు కారి వేళ్ళు అతుక్కుపోయేవి. ఖాళీ అయిన అన్నం డబ్బాలో గుప్పెడు వేసుకుని, మూత పెట్టి, పుస్తకాల కిందకి తోసేసేది.

ప్రసన్న అరచేతికి కాస్త నూనె రాసుకుని, కత్తిపీట మీద ఒక్కో కాయా నిలువునా చీల్చి, గోటితో గింజ తీసి, ఉప్పూ కారం అద్దుకుని గొడ్లపాక వెనక నిలబడి తినేది. ఆ పులుపుకి కళ్ళు మూసుకుపోయేవి. "ప్రాణం లేచొచ్చింది యోగీ," అనేది. మిగిలిన ముక్కలు ఎవరి కంటా పడకుండా పప్పులో వేసేసేది.

"ఇయ్యాళ పప్పులో పులుపు భలే కుదిరిందే," అన్నాడు ఒకరోజు పోతురాజు.

"కొత్త చింతపండు మావయ్యా," అంది ప్రసన్న, తొణక్కుండా. యోగిత అన్నంలోకి తల వంచుకుని నవ్వు ఆపుకుంది. వదిన అంత సులువుగా అబద్ధం ఎలా ఆడగలుగుతుందో ఆమెకి ఆశ్చర్యంగా ఉండేది.

ఎనిమిదో రోజు తోటలో చెట్లకి పాదులు తవ్వడానికి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. అందులో లీదియా ఒకతె. యోగితవాళ్ళ వీధి చివరి ఇల్లు. పార్వతితో కలిసి పదేళ్ళుగా కూలికి వెళ్తోంది.

"ఏమ్మే పోతురాజు కూతురా, రోజూ ఆ ముళ్ళలో ఏం వెతుకుతున్నావ్? ముక్కుపుడక పారేసుకున్నావా?"

మిగతా ముగ్గురూ నవ్వారు. లీదియా గునపం అక్కడే పడేసి, కంచె దగ్గరికొచ్చి డబ్బాలోకి తొంగి చూసింది.

"ఇంతేనా? పచ్చడికైతే గంపెడు కావాలి. పప్పుకైతే ఒక్కరోజు చాలు. రోజూ గుప్పెడంటే, మీ ఇంట్లో ఎవరికో నోరు బాగోలేదు."

'నాకే పిన్నీ, ఉప్పుకారంతో తింటాను.' అంతే అనాలి. మాట తయారుగానే ఉంది. గొంతుదాకా వచ్చింది కూడా. కాని నాలుగు జతల కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. మూత ఎక్కడుందో కనపడలేదు.

"మీ అమ్మకా ఏంటి?" అంది ఒకావిడ. మళ్ళీ నవ్వులు.

"ఛీ, ఊరుకోవే. కోడలు లేదూ?" అంది లీదియా. ఆమె గొంతు మెత్తబడింది. "మీ వదినకేనా అమ్మాయ్?"

అప్పుడైనా కాదనవలసింది. యోగిత డబ్బా సంచిలోకి తోసి, పరుగులాంటి నడకతో దారి పట్టింది.

"చూశారా, కాదన్లేదు!" అన్న మాట వెనకనించి వినపడింది. ఆ వెంటే లీదియా గొంతు, "ఈసారన్నా నిలబడాలి తల్లీ, ప్రభువు చల్లగా చూడాలి," అంటూ.

ఇంటికొచ్చి కాయలు వదిన చేతిలో పోసింది. జరిగింది చెప్పలేదు. చెబితే వదిన మొహం ఎలా మారుతుందో తలుచుకుని, రేపు చెబుదాంలే అనుకుంది. లీదియా మర్చిపోవచ్చు కదా అని కూడా అనుకుంది.

దీపాలు పెట్టే వేళకి పార్వతి వీధిలోంచి గబగబా వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా వంటింట్లోకి వెళ్ళి కోడలి గడ్డం పట్టుకుంది.

"ఊరంతా తెలిశాక అత్తకా తెలిసేది? నేనేం పరాయిదాన్నా?"

"నీకెవరు చెప్పారత్తయ్యా?"

"లీదియా. మన పిల్ల కంచె దగ్గర దొరికిపోయిందంటలే," అంటూ పార్వతి నవ్వింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

ప్రసన్న అత్త భుజం మీదుగా యోగిత వంక చూసింది. యోగిత పుస్తకంలోకి తల దించేసుకుంది.

ఆ శుక్రవారం పార్వతి తనే వెళ్ళి బుట్టెడు వాక్కాయలు కోసుకొచ్చింది. ముక్కలు మగ్గబెట్టి, పసుపూ పచ్చిమిరపకాయలూ వేసి, ఇంగువ పోపుతో పెద్ద బేసిన్ నిండా పులిహోర కలిపింది. వీధిలో ఆడవాళ్ళని పిలిచి ఆకుల్లో పెట్టింది. తింటూ అందరూ ప్రసన్న పొట్ట వంకే చూశారు. ఒకావిడ రెండోసారి పెట్టించుకుని, "వాలకం చూస్తే మగపిల్లాడే," అంది. ప్రసన్న రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. ఆ రోజు తర్వాత ఆమె యోగితని కాయలు అడగలేదు.

పులిహోర పెట్టిన పన్నెండో రోజు తెల్లవారుతుండగా ప్రసన్న పెరట్లోంచి అత్తని పిలిచింది. ఆ పిలుపులోనే యోగితకి తెలిసిపోయింది. ఆటో తెచ్చారు. శివ లారీ ఎక్కడో వదిలేసి సాయంత్రానికి నూజివీడు ఆసుపత్రికి చేరాడు. డాక్టరమ్మ పార్వతిని పక్కకి పిలిచి, తిన్నదాని వల్లా కాదు, చూసినవాళ్ళ వల్లా కాదు, ఎవరి తప్పూ లేదని చెప్పింది. యోగిత పక్కనే నిలబడి విన్నది. పార్వతి కూడా విన్నది. కాని ఊరికొచ్చేసరికి ఆ మాట ఎవరికీ పనికిరాలేదు.

"పచ్చి వాక్కాయలు వేడి పార్వతీ. రోజూ మేపితే నిలుస్తదా?" అంది, పులిహోర రెండోసారి పెట్టించుకున్న ఆవిడే.

ఆమె వెళ్ళాక పార్వతి కూతురి వంక చూసి, "తెచ్చేప్పుడు నాకొక్క మాట చెబితే ఏం పోయిందే?" అంది.

యోగిత లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ప్రసన్న నాలుగు రోజులు మూలగది దాటి రాలేదు. ఆ నాలుగు రోజులూ యోగిత ఒకే ఒక్క మాటని లోపల తిప్పుకుంటూ తిరిగింది. అయిదో రోజు పాలు కాచి, గ్లాసులో పోసుకుని, తలుపు దగ్గరికి వెళ్ళింది. బయట వాన జల్లుగా పడుతోంది. వదిన అటు తిరిగి పడుకుని ఉంది.

"వదినా, నేనెవరికీ చెప్పలేదు."

ప్రసన్న ఇటు తిరిగింది. మొహంలో కోపం లేదు. ఏమీ లేదు.

"తెలుసు. చెప్పలేదు. కాదనీ చెప్పలేదుగా."

యోగిత గ్లాసుని రెండో చేతిలోకి మార్చుకుంది.

"నాకే తినాలనుంది పిన్నీ, అంటే పోయేది. పోనీ ఇంటికొచ్చి నాతో చెప్పినా, నేనే ఏదో ఒకటి అల్లేదాన్ని. ఎనిమిది రోజులు ముళ్ళలోంచి కాయలు తెచ్చావు. ఒక్క మాట తేలేకపోయావు."

"భయమేసింది వదినా."

"నాకూ భయమే. అందుకేగా నీకు చెప్పుకుంది."

ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ చెప్పిన సంగతి చెప్పాలనుకుంది యోగిత. అమ్మ ఆ మాట వదినదాకా తెచ్చి ఉండదు. ఇప్పుడు తను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. పెదాలు కదిలాయి. ప్రసన్న మోచేతి మీద లేచి కాసేపు ఎదురుచూసింది, నిజంగానే ఎదురుచూసింది. గొంతులోంచి మాట రాలేదు.

ప్రసన్న మంచం దిగి, పొత్తికడుపు ఒక చేత్తో పట్టుకుని, మెల్లగా గడపదాకా నడిచి వచ్చింది. తీసుకుంటుందేమోనని యోగిత గ్లాసు ముందుకి చాచింది. ప్రసన్న దాన్ని ముట్టుకోలేదు. తలుపు రెక్క లాగింది. వానకి ఉబ్బిన చెక్క సగంలో పట్టేసింది. ఆమె రెక్క వెనక్కి జరిగి, భుజం ఆనించి, బలమంతా పెట్టి తలుపు మూసేసింది.