చెయ్యి మరిచిన బ్రేకు

నేను ఒక హ్యాండ్ బ్రేకు లివర్ని. పుట్టిననాడు నా పెట్టుబడి జానెడు ఉక్కు, అడుగున పన్నెండు పళ్లు, తల మీద బొటనవేలికి సరిపడే బొత్తాం, వెనక చక్రాల దాకా పోయే ఇనుప తీగ. ఆ కాస్తా దెబ్బలు తినే సంపాదించాను. రేకును ప్రెస్సు కింద తోసి ఒక్క పోటుకు వంచారు. పళ్లు కోస్తుంటే నిప్పురవ్వలు లేచి కార్మికుడి మోచెయ్యి కాలింది. నన్ను బూతులు తిట్టాడు. నేను విన్న మొదటి మానవ భాష అదే.

నా వర్తకం ఒక్కటే: ఆగడం. ఎంత లాగితే అంత పట్టు ఇస్తాను. పుచ్చుకునేవాళ్లకే తూకం తెలియదు.

మొదటి యజమాని విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరు తమ్ముడు. బీచి రోడ్డు మీద కారు దూసుకుపోతుండగా నన్ను ఒక్కసారిగా గుంజి, బండి గిర్రున తిరిగితే ఈలలు వేసేవాడు. ఒకనాడు అలాగే తిరిగి దీపస్తంభానికి కొట్టుకున్నాం. పక్కనున్న స్నేహితుడికి నాలుగు పళ్లు రాలాయి, నాకు రెండు అరిగాయి. అతనివి కట్టించారు. నావి ఎవరూ చూడలేదు.

సొట్టలు తీసి కారును డ్రైవింగ్ స్కూలు వరహాలు మాస్టారికి అమ్మేశారు. ఆయన ఒళ్లో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉండేది. నన్ను దించడం మరిచి బండి కదిపితే వేళ్ల కణుపుల మీద ఠపీమని పడేది. "కంపు కొడతంది కంపు! సక్రాలు కాల్చేస్తావేటి?" తొమ్మిదేళ్లు ఆ అరుపులు విన్నాను. ఎత్తు మీద నన్ను ముందే వదిలి వెనక బండిని గుద్దినవాళ్లున్నారు. భయంతో నా మెడ పట్టుకుని ఏడ్చినవాళ్లూ ఉన్నారు.

తర్వాత మాస్టారు కొత్త కారు తెచ్చారు. అందులో నా చోటు లేదు. గేరు ముందు గోరంత స్విచ్చి. దాన్ని వేలితో పైకెత్తితే మోటారు సన్నగా మూలిగి చక్రాలను బిగిస్తుంది. బండి కదలగానే తనంతట తానే వదిలేస్తుంది. దాన్ని తప్పుపట్టను. నా వల్ల కాలిన చక్రాలు దాని వల్ల కాలవు. కొత్తగా నేర్చుకునేవాళ్ల తప్పుల్లో సగం అదే కాసుకుంటుంది. అయితే మాస్టారి స్కేలుకు పని తగ్గింది, ఆయన చేతికీ పని తగ్గింది. ఏడాదిలో ఆ చెయ్యి కాస్తా ఒక్క వేలిగా మిగిలింది.

మా పాత కారు షెడ్డులో పడింది. బ్రేకు ఆయిలు గొట్టం పగుళ్లిచ్చిందని మెకానిక్కు చెబితే మాస్టారు నవ్వారు. "పాతసామాన్లోడికి ఇచ్చేదానికి కొత్త గొట్టం ఎందుకురా!"

అప్పుడు వచ్చింది నూకరత్నం. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఫిషింగ్ హార్బరు పక్క పేట. కొత్త కారులో రెండు రోజులు కూర్చుని మూడోరోజు దిగిపోయింది.

"ఈ స్విచ్చి నాకొద్దు మాస్టారూ. మా సేపల యానుకి లాగుడు బ్రేకుంది. లాగుడు బండి మీదే నేర్పండి."

"ఏటమ్మా, సుఖపడడం ఇష్టం లేదా నీకు?"

"సుఖం సూసుకునే మా ఆయన కాలు పోగొట్టుకున్నాడు."

ఆమె భర్త ఎల్లాజీ చేపల వ్యాను తోలేవాడు. దాని హ్యాండ్ బ్రేకును ఏనాడూ ఎత్తి ఎరగడు. ఏటవాలులో ఆపితే చక్రం కింద ఒక రాయి పెట్టడం అతని అలవాటు. జెట్టీ దగ్గర ఒక ఉదయం ఐసు కొట్టేవాడికి సుత్తి దొరకలేదు. ఆ రాయి కనబడింది. లాక్కుని ఐసుగడ్డ మీద వేశాడు. గడ్డ పగిలేలోపే వ్యాను వెనక్కి దొర్లింది. వెనక చేపల ట్రేలు దించుతున్న ఎల్లాజీని గోడకేసి నొక్కింది. మోకాలి కింద ఎముక ఐసులాగే ముక్కలైంది. కాలు తీసేశారు.

సముద్రంలో చేపల వేట మీద నిషేధం ముగిసి బోట్లు బయలుదేరేలోగా నూకరత్నం స్టీరింగు పట్టాలి. లేకపోతే హార్బరులో వాళ్ల వంతు వేరే వ్యానుకు పోతుంది. అత్త, ఇద్దరు ఆడపిల్లలు, కాలులేని మొగుడు, అందరి కూడూ ఆ వ్యానే.

మాస్టారు గొణుగుతూ మా కారును బయటికి తీశారు. ఎత్తు మీద ఆపించి, నన్ను పట్టించి, స్కేలు ఝళిపించారు.

"కొట్టండి. కానీ సెప్పి కొట్టండి. ఎందుకు కొడతన్నారో తెలవాల గదా."

ఆయనకే సిగ్గేసింది. స్కేలు వెనక సీట్లో పడేశారు. "బొత్తాం నొక్కి పట్టుకో. పళ్లకు తగలనీకు. ఇప్పుడు బ్రేకు అంటే నీ చెయ్యే. కొంచెం లాగు, కొంచెం ఒగ్గు." నాలుగు రోజులు బండి వెనక్కి జారింది. ఐదోరోజు ఆగింది. ఆమె అరచేతి చర్మం నాకు అంటుకుని ఊడింది. ఒక్కసారి ఊదుకుని మళ్లీ పట్టుకుంది.

ఇరవయ్యో రోజున కొండరోడ్డు దిగుతున్నాం. రెండో మలుపులో గొట్టం పగిలింది. ఆమె కాలి కింద పెడలు నేలకు అంటుకుపోయింది. నేర్పేవాళ్ల కోసం మాస్టారి కాళ్ల దగ్గర పెట్టిన రెండో పెడలూ దానికి కట్టిందే కాబట్టి అదీ పోయింది. కారు రాయిలా జారింది. ఎదురుగా బస్సు, కుడిపక్క లోయ.

అప్పుడు మాస్టారి చెయ్యి లేచింది. నన్ను తొమ్మిదేళ్లు ఏలిన చెయ్యి. అది నా వైపు రాలేదు. గేరు ముందుకు పోయి స్విచ్చి కోసం వెతికింది. అక్కడున్న చిల్లర గూటి అంచును ఎత్తింది, పీకింది. గూడు ఊడి చేతిలోకి వచ్చింది.

"స్విచ్చేదీ! స్విచ్చేదే!"

"ఏటి ఎతుకుతన్నారు మాస్టారూ, సచ్చిపోతన్నాం!"

నూకరత్నం ఎడమచెయ్యి నా మెడ మీద పడింది. బొటనవేలు బొత్తాన్ని అదిమింది. గుంజలేదు. గుంజి ఉంటే చక్రాలు బిగిసి బండి అడ్డంగా తిరిగి లోయలోకి పోయేది. లాగింది, వదిలింది, మళ్లీ లాగింది. వెనక చక్రాలు కేకలు పెట్టాయి. కాలిన వాసన కారంతా నిండింది. తీగ పోగులు ఒక్కొక్కటే టపటప తెగాయి. బస్సు మా కుడిపక్క అద్దాన్ని విరగ్గొట్టుకుంటూ పోయింది. ఆమె స్టీరింగు ఎడమకు తిప్పి కారును కొండకేసి రాచింది. తలుపు రేకు చీలింది, కిటికీ అద్దం పగిలి మాస్టారి నుదురు తెరుచుకుంది, రక్తం నా మీద పడింది. ఆఖరి పోగు తెగింది. కారు మూతి రాళ్లలో దిగబడి ఆగింది.

మాస్టారు ఆ ప్లాస్టిక్ గూటిని ఇంకా పట్టుకునే ఉన్నారు.

"దాన్ని ఒగ్గండి మాస్టారూ," అంది ఆమె, కొంగు చింపి ఆయన తలకు కడుతూ. "బండి ఆగింది."

"నా సెయ్యి దీన్నెలాగ మర్సిపోనాదే," అన్నారాయన, నన్ను చూస్తూ.

తుక్కయిన కారును, నన్ను, పాతసామాన్ల కొట్టుకు తోలారు. హార్బరు నుంచి పైకెక్కే ఎత్తు రోడ్డు పక్కనే ఆ కొట్టు. తలకట్టుతో మాస్టారు ఆమె వ్యానులోనే కూర్చుని మిగిలిన పాఠం చెప్పారని, లైసెన్సు వచ్చిందని, తుక్కు తెచ్చినవాళ్లు చెప్పుకుంటే విన్నాను.

నిషేధం ముగిసి, వెళ్లిన బోట్లు తిరిగొచ్చిన రోజు ఎత్తు మీద బళ్లు బారులు తీరాయి. చేపల నీళ్లు కారుతున్న వ్యాను ఒకటి సరిగ్గా నా ఎదుట ఆగింది. దాని వెనక బెత్తెడు దూరంలో ఒక లారీ.

"ఏయమ్మా! ఎనక్కొస్తే నుజ్జయిపోతావు! దిగి మొగోడికియ్యి!"

నూకరత్నం తల బయట పెట్టింది. "మొగోడు ఎనకాల ట్రేల మధ్యన కూకున్నాడు. నీ లారీని ముద్దెట్టుకోడానికి ఎవుడూ రాలేదు గానీ, హారను కొట్టుకో!"

ట్రేల మధ్య నుంచి ఎల్లాజీ నవ్వు వినిపించింది. ముందున్న బళ్లు కదిలాయి. లారీవాడు హారను మోగిస్తూనే ఉన్నాడు.

నా ఆఖరి లెక్క ఇది. పోయినవి నాలుగు చక్రాలు, ఒక తీగ, మాస్టారి నుదుటి మీద తొమ్మిది కుట్లంత చర్మం. వచ్చినది ఒక్కటే: నిండా చేపలున్న ఒక వ్యాను, ఆ ఎత్తు మీద, అంగుళం కూడా వెనక్కి జారకుండా ముందుకు కదిలింది.