అడ్డురాయి

ఆ జీపు నడపడమంటే పెద్దింటి అత్తగారి దగ్గర కాపురం చెయ్యడమే. అడిగినవన్నీ అడిగిన వరసలో ఇచ్చుకోవాలి. బ్రేకు మూడుసార్లు తొక్కితేగాని పట్టదు. స్టీరింగు సగం చుట్టు తిప్పాక గాని చక్రానికి కబురు అందదు. వాన వస్తే బయటకన్నా లోపలే ఎక్కువ తడుస్తాం. గేరు కర్రలు రెండు. పెద్దది అన్ని బళ్ళకీ ఉండేదే. పక్కనున్న చిన్నది బురదలో నాలుగు చక్రాలకీ బలం ఇస్తుంది. ఆ చిన్నది పూర్తిగా పడకుండా మధ్యలో ఆగిందా, పెద్దది ఏ గేరులో ఉన్నా బండి జారిపోతుంది. హ్యాండ్‌బ్రేకు ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని డ్రైవరు కాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒక నల్లరాయి ఉండేది. బండి ఆపగానే దాన్ని చక్రం కింద పెట్టాలి.

ఆ రాయిని ఏరి తెచ్చినవాడు డ్రైవరు బామ్మర్ది. మెకానిక్కు. ఎంత తొందరైనా సరే, రాయి పెట్టందే ఆ బండి కింద తల పెట్టేవాడు కాదు. రోజూ పొద్దున కొండమీది కలప డిపోకి కూలీల్ని ఎక్కించుకోవడానికి డ్రైవరు బయల్దేరుతుంటే, భార్య వెళ్ళిరండి అనేది కాదు. "రాయి ఉందా?" అనేది.

"ఉందిలే. నీ తమ్ముడికన్నా నమ్మకమైంది" అనేవాడు డ్రైవరు.

ఆ ఆదివారం కూతురూ కొత్త అల్లుడూ వచ్చారు. అల్లుడిదీ కొండలెక్కే బండే. కాకపోతే లోపల ఇంట్లో టీవీ అంత తెర, గేరు కర్ర బదులు ఒక గుండ్రటి మీట. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి కదా. అల్లుడు జీపులోకి తొంగిచూసి రాయిని పైకెత్తాడు.

"ఏంటి మామయ్యా, మీ హ్యాండ్‌బ్రేకు ఇదేనా?"

కూతురు పకపకా నవ్వింది. డ్రైవరుకు తల కొట్టేసినట్టయింది. "అబ్బే, ఎప్పటిదో. పారెయ్యడం మర్చిపోయాను" అంటూ రాయిని తీసుకుని ప్రహరీ గోడ పక్కకి విసిరేశాడు. ఆ వయసులో మనిషికి సిగ్గు పుట్టకూడదు. పుడితే ఇదిగో, ఇలాంటి పనులే చేయిస్తుంది.

తన బండి తడాఖా చూడాలని అల్లుడు ఒక్కడే కొండదారి పట్టాడు. కాసేపటికే ఫోను. బండి ఇరుసుల దాకా బురదలో దిగిపోయిందట. డ్రైవరు మొహం చాటంత అయింది. "మీ తమ్ముణ్ణి తీసుకెళ్తున్నా" అని లోపలున్న భార్యకు కేకేసి, ఆవిడ రాయి సంగతి అడిగేలోపే బయల్దేరాడు. దారిలో షెడ్డు దగ్గర ఆగి, తాడుతో సహా బామ్మర్దిని ఎక్కించుకున్నాడు.

బామ్మర్ది కూర్చుంటూనే కిందకి చూశాడు. "రాయేది బావా?"

"ఇంటి దగ్గరుందిలేరా."

"ఏం, ఇంటికి కాపలా పెట్టావా?" అని నవ్వాడు బామ్మర్ది. డ్రైవరు బండి కదిలించాడు.

దారంతా మెత్తటి మట్టి. వెతికినా పిడికెడంత రాయి దొరకదు. అల్లుడి బండి ముందు, ఎగువకి జీపు నిలబెట్టి తాడు కట్టారు. డ్రైవరు చిన్న గేరు వేసి మెల్లగా లాగాడు. ముసలి జీపు మూలిగింది, ఊగింది, నల్లటి పొగ కక్కింది, కొత్త బండిని గట్టి నేల మీదకి ఈడ్చి పడేసింది.

"మామయ్యా, మీ బండికి దండం!" అని అరిచాడు అల్లుడు. డ్రైవరు గాల్లో తేలిపోయాడు. ఆ సంబరంలోనే చిన్న గేరు వెనక్కి లాగాడు. పడిందనుకున్నాడు. పెద్దది మొదటి గేరులో పెట్టి, ఇంజను ఆపి, బ్రేకు మీద కాలు ఉంచాడు.

తాడు జీపు వెనక ఇరుసుకి మెలిపడి ఉంది. బామ్మర్ది చక్రాల వెనక బురదలో కూర్చున్నాడు. "గేరులో ఉందా బావా?"

"ఉంది."

"రాయి లేదే మరి."

"గేరులో ఉందంటున్నానా! దూరరా, పిరికి వెధవా."

బావ మాట మీద బామ్మర్ది వెల్లకిలా పడుకుని కిందకి దూరాడు. ఇంతలో అల్లుడు ఫోను పట్టుకుని ముందుకొచ్చాడు. "దిగండి మామయ్యా, బండి పక్కన నిలబడండి, ఒక ఫోటో తీస్తాను."

డ్రైవరు జుట్టు సవరించుకుని దిగాడు.

జీపు చప్పుడు లేకుండా వెనక్కి కదిలింది. బామ్మర్ది ఛాతీ మీదుగా వెనక చక్రం వెళ్ళింది. జీపు అల్లుడి బండికి గుద్దుకుని ఆగింది. అల్లుడి బండి మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.

బామ్మర్దిని ఎత్తడానికి పరిగెత్తుతూ డ్రైవరు ఒక్కసారి లోపలికి చూశాడు. పెద్ద కర్ర మొదటి గేరులోనే ఉంది. చిన్నది మధ్యలో ఉంది. తాను అబద్ధం చెప్పలేదన్నమాట. ఆ సంగతి ఇక జన్మలో ఎవరికి చెప్పుకున్నా ఒరిగేది లేదు.

కొత్త బండి వెనక సీట్లో, బావ ఒళ్ళో తల పెట్టుకుని, ఆసుపత్రి గేటు కనపడకముందే బామ్మర్ది పోయాడు.

ఇంటికి ఫోను చెయ్యబోయిన అల్లుణ్ణి డ్రైవరు ఆపాడు. "దాని తమ్ముడు. నేనే చెప్పాలి."

పొద్దువాలుతుండగా ఇంటి ముందు దిగాడు. చొక్కానిండా బురద, బురద కింద నెత్తురు. చీకటి పడుతున్న వాకిట్లో భార్యకు బురదే కనిపించింది. రెండు చేతులతో నల్లరాయి పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. రాయి తడితడిగా మెరుస్తోంది.

"చూశారా, గోడ పక్కన పడేసి వెళ్ళిపోయారు. కడిగి పెట్టాను. ముందు గుండె గుభేలుమంది. తర్వాత, ఇది లేకుండా మావాడు బండి కిందకి చచ్చినా దూరడులే అని ధైర్యం చెప్పుకున్నాను" అంది. ఆయన వెనక్కి చూసింది. "వాడేడీ? భోజనానికి రమ్మనలేదా?"

డ్రైవరు రెండు చేతులూ చాచి ఆమె చేతుల్లోంచి రాయిని అందుకున్నాడు.