అమ్మమ్మ పక్కనుంటే కదలని కారు

పిల్లలున్న ఇళ్ళ కోసం డ్రైవరు లేని కారు తయారుచేయాలని అఫ్రా చాన్నాళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటోంది. అందులో ఆమె పట్టుబట్టి పెట్టించిన నియమం ఒకటుంది. చేయి చాపితే తగిలేంత దగ్గరలో ఎవరైనా నిలబడి ఉంటే బండి కదలకూడదు. పిల్లలు ఆడుకునేది చక్రాల దగ్గరే కదా!

ఆ శుక్రవారం పై అధికారి గానిమ్ బండిని చూడటానికి అల్ ఐన్ వచ్చాడు. అఫ్రా అమ్మమ్మ ఇంట్లో భోంచేసి, అఫ్రాతో, ఆమె పిల్లలతో అందులోనే అబుధాబికి వెళ్ళాలి. నచ్చిందా సరే, లేదంటే మొత్తం పనే ఆపేస్తారు.

భోజనాలయ్యాయి. పిల్లలు బెల్టులు పెట్టుకున్నారు. బండి కదలలేదు. ఎలా కదులుతుంది, కిటికీ పట్టుకుని అమ్మమ్మ నిలబడితే? మా వైపు సెలవు తీసుకోవడం లోపల ఒకసారి, గుమ్మంలో ఒకసారి అవుతుంది గానీ అసలు కబుర్లన్నీ బండి దగ్గరే. అమ్మమ్మ తప్పుకోగానే పిన్ని గోధుమలు, మాంసం కలిపి వండిన హరీస్ గిన్నెతో వచ్చింది. పిన్ని వెళ్ళగానే మేనమామ ఖర్జూరాల పెట్టె తెచ్చాడు. ఆయన వెనకే మళ్ళీ అమ్మమ్మ. బండి నడిపేది మనిషి అయితే నవ్వుతూనే మెల్లగా ముందుకు జరిపి తప్పించుకుంటాడు. ఆ గడుసుతనం అఫ్రా దీనికి నేర్పలేదు.

గానిమ్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. చివరికి అఫ్రా మొహమాటం చంపుకుని అమ్మమ్మకు సంగతి చెప్పేసింది.

"అంటే నా మాటలయ్యేదాకా ఆగుతుందా? మీ తాతకంటే ఇదే నయమే. ఆయన నేను నోరు తెరవకముందే గేరు వేసేవాడు," అంది అమ్మమ్మ.

ఇంక ఆమెకు పట్టపగ్గాల్లేవు. గానిమ్ వైపు వంగి, వాళ్ళమ్మ ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాడు.

"చూసి ఎన్నాళ్ళయింది నాయనా?"

గానిమ్ గడియారం మీంచి చూపు తిప్పుకున్నాడు. "పోయిన వారం వెళ్ళానమ్మా. గేటు దాకా వచ్చి ఏదో చెబుతూనే ఉంది. నేనే పనుందని వచ్చేశాను."

అమ్మమ్మ అతని భుజం తట్టి వెనక్కి తప్పుకుంది. బండి దానంతటదే కదిలింది.

"మా అమ్మ ఇల్లు దారిలోనే," అన్నాడు గానిమ్. "ముందు అక్కడికి పోనివ్వు."

"మరి బండి సంగతి?" బెరుకుగా అడిగింది అఫ్రా.

"అక్కణ్ణుంచి కదిలితే చూద్దాం."