ఊచల సందు

పొద్దున కోచబాంబా సంతలో కొట్టు తెరిచేసరికి నా దగ్గర రెండే పసిపిల్లల మంచాలున్నాయి. ఒకటి పువ్వులు చెక్కినది, ఇంకొకటి దగ్గర దగ్గరగా ఊచలున్న మామూలుది. మధ్యాహ్నం దాకా నిలబడి కాళ్లు పీకుతుంటే, వీపున పాపను కట్టుకుని మా వీధి పిల్ల నెమేసియా వచ్చి పువ్వుల మంచం పట్టుకుంది.

నేను కూల్‌డ్రింక్ డబ్బా ఒకటి దాని ఊచల మధ్య నుంచి అవతలికి తోశాను. "ఇది దూరిందంటే పాప ఒళ్లూ జారుతుంది తల్లీ. తల ఇరుక్కుంటుంది."

"గుడ్డపట్టీతో మెడదాకా బిగించి పడుకోబెడతాం గదా బాబాయ్! మూటెక్కడికి జారుద్ది?"

"ఎన్నాళ్లు మూట? ఎప్పుడో విప్పవా?"

ఆమె పాపను దించి పట్టీ వదులు చేసింది. రెండు కాళ్లూ వెంటనే తన్నులాట మొదలెట్టాయి.

"సరే, ఆ మామూలుదే ఇయ్యి," అంది నీరసంగా.

సాయంత్రం పువ్వుల మంచాన్ని కోసి పొయ్యిలోకి వేశాను. రెండు మంచాలకు ఒకదాని ధరే వచ్చింది. రేపు ఆ పువ్వులదాన్ని ఇంకొక తల్లికి అమ్మే పని తప్పింది.