బేరమాడని మనిషి

కారు చూడటానికి వచ్చినవాళ్ళంతా ముందు బానెట్ ఎత్తమనేవారు. కళ్ళజోడాయన మాత్రం జేబులోంచి తెల్లకాగితం, పెన్సిలు తీశాడు.

షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని, చాసిస్ మీద చెక్కిన నంబరుకు కాగితం అదిమిపెట్టి పెన్సిలుతో రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. తలుపు కింద తుప్పు తినేసి చెయ్యి దూరేంత కంత ఉంది. అటు కన్నెత్తి చూడలేదు.

కారు అమ్మకానికి పెట్టిన టైలరమ్మకు అక్కడే ఎక్కడో తేడా కొట్టింది. ముప్పయ్యేళ్ళుగా బట్టలు కుడుతోంది ఆవిడ. బట్ట కొనేవాళ్ళు నలిపి చూస్తారు, వెలుతురుకు పట్టి చూస్తారు. ఈయన లేబుల్ ఒక్కటే చదివి బట్టల తాను మొత్తం కొనేవాడిలా ఉన్నాడు.

"ఒరిజినల్ రిజిస్ట్రేషన్ పుస్తకం ఉందా మేడమ్?"

"ఉంది. మా ఆయన బీరువాలో దాచారు."

"అది చాలు," అని ఒక ధర చెప్పాడు. పాత ఇనుము కొనేవాడు చెప్పినదానికి పాతిక రెట్లు.

ఆయన వెళ్ళగానే కూతురు ఎగిరి గంతేసింది. "ఇంకా ఆలోచిస్తావేంటమ్మా? ఆయన మనసు మారకముందే ఇచ్చెయ్యి."

"స్టార్ట్ చెయ్యమని కూడా అడగలేదే."

"పాత కార్ల పిచ్చోళ్ళు అంతే!"

ఆ పిచ్చి ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. భర్త బతికుండగా ఆదివారం వస్తే ఇంట్లో మనుషులు పిలిచినా పలికేవాడు కాదు, ఆ సీట్లో కూర్చుని స్టీరింగుతో కబుర్లు చెప్పేవాడు. ఈయన ఆ సీటు వైపే వెళ్ళలేదు.

మర్నాడు కొట్టు మూసి మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. అతని మీదా ఆవిడకు పూర్తి నమ్మకం లేదు. రెండేళ్ళుగా ఆ కారును ఇనుము ధరకు తనకే ఇమ్మని అడుగుతున్నాడు మరి.

"నంబరు రుద్దుకున్నాడా?" మెకానిక్ పానా పక్కన పెట్టాడు. "అయితే అతనికి కావలసింది కారు కాదు చెల్లెమ్మా. ఇదే మోడల్ బండి అతని దగ్గర ఇంకోటి ఉంటుంది. దొంగదో, నాలుగు బళ్ళు కోసి అతికించిందో. కాగితాలుండవు. మీ నంబరు దాని మీద కొట్టి, మీ పుస్తకం జతచేస్తే అది అసలు సిసలు పాత కారైపోతుంది. ఇంతకు పదింతలు పలుకుతుంది."

"మరి మాది?"

"తుక్కు చేసేస్తాడు. ఒకే నంబరుతో రెండు బళ్ళుంటే దొరికిపోడూ?"

"నీకెలా తెలుసన్నయ్యా ఇదంతా?"

మెకానిక్ మెడ గోక్కున్నాడు. "ఒకసారి నన్నూ అలా నంబరు కొట్టమన్నారు."

కొట్టావా అని ఆవిడ అడగలేదు.

కళ్ళజోడాయన డబ్బుతో వచ్చాడు. టైలరమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"సీట్లు నేను ఉంచుకుంటానండీ. మా ఆయన గుర్తుగా."

"ఉంచుకోండి మేడమ్."

"ఇంజను మెకానిక్‌కి ఇస్తానని మాటిచ్చాను."

"ఇచ్చెయ్యండి. నేను చెప్పిన ధరలో మార్పు లేదు."

కూతురు తల్లి వైపు తెల్లబోయి చూసింది.

"పోనీ కారంతా ఇక్కడే ఉంచి, పుస్తకమూ, ఆ నంబరున్న ఇనప ముక్కా కోసి ఇస్తే?"

"మరీ మంచిది, లారీ ఖర్చు తప్పుతుంది," అనేసి, ఆయన నాలిక కరుచుకున్నాడు.

"ఇక లేవండి," అంది టైలరమ్మ.

రెండు నెలల తర్వాత ఒక రిటైర్డ్ నర్సు వచ్చింది. సీట్లో కూర్చుని, కాలు పెడలుకు అందక నవ్వింది. తుప్పు కంతలో వేలు పెట్టి మొహం చిట్లించింది. గంటసేపు బేరమాడి కళ్ళజోడాయన ధరలో మూడోవంతుకు దించింది.

"ఎందుకండీ మీకిది?" టైలరమ్మ ఇంకా అనుమానంగానే అడిగింది.

"పెళ్ళైన కొత్తలో మాకిలాంటిదే ఉండేది. మా ఆయన నన్ను ఒక్కసారి కూడా నడపనివ్వలేదు. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్ళెవరు?"

అయినా టైలరమ్మ ఆమె గుర్తింపు కార్డు రెండుసార్లు చూసింది. ఆర్టీవో ఆఫీసుకు తనే వెంట వెళ్ళి, పుస్తకంలో పేరు మారేదాకా కదల్లేదు.

కారు వీధి మలుపులో మూడుసార్లు ఆగిపోయింది. కూతురు విసుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. టైలరమ్మ మాత్రం గేటు పట్టుకుని, నాలుగోసారి అది కదిలిపోయేదాకా నిలబడే ఉంది.