ఐసు గదిలో పోలమ్మప్ప

ఐసు గది తలుపు బార్లా తీసి ఉంది, లోపల మోకాలి లోతు నీళ్లు, నీళ్ల మీద క్యారమ్ బోర్డు తేలుతోంది, చుట్టూ ఎవరూ లేకపోయినా కాయలు టకటకా కొట్టుకుంటున్నాయి, కిటికీ పక్కన కుట్టుమిషను ముందు పోలమ్మప్ప కూర్చుని ఉంది. తను చనిపోయిందని నాకు తెలుసు, తుఫాను వానకి నానిన ఈ గది గోడే తన మీద కూలింది, అయినా భయం వేయడం లేదు, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని తన దగ్గరికి నడుస్తున్నాను.

"ఇంత ఆలీసమేటే ఎర్రమ్మా? ఆడగుంటలందరూ ఏరీ?" అంటుంది.

మా పేటలో మగాళ్లకి రేవుంది, వలలు బాగుచేసుకునే పాక ఉంది. ఆడాళ్లు కాసేపు కూర్చోడానికి జానెడు చోటు లేదని పెద్దలతో పోట్లాడి, ఒకప్పుడు చేపలకి ఐసు దాచి, తరవాత మూతబడ్డ ఈ గదిని తెరిపించింది పోలమ్మప్పే. చేపలు ఎండబెట్టి వచ్చిన మేం సాయంత్రాలు ఇక్కడే కాళ్లు చాపుకునేవాళ్లం, ఆడపిల్లలు చదువుకునేవారు, కుట్టు నేర్చుకునేవారు, పడీ పడీ నవ్వినా కసిరేవాళ్లు ఉండేవారు కాదు.

జవాబు చెబుదామని నోరు తెరుస్తాను. ఈలోగా గది కాస్తా సముద్రపొడ్డు అయిపోయింది, ఆరబెట్టిన చేపల మధ్య మేమిద్దరం నడుస్తున్నాం, ఎండ మండిపోతోంది, తన చీర నుంచి మాత్రం ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"గోడ ఒరిగినప్పుడు కాసులు గుంటని బయటికి తోసీసేను. తరవాత నాకేటీ తెలీదు. ఇక్కడంతా ఎతికేను, ఎక్కడా కనబడనేదు. అంటే బతికే ఉన్నాది కదా?"

కాసులు తనకి చుట్టమేమీ కాదు, పక్క సందులో పిల్ల, పదో తరగతి.

"ఉన్నాదప్పా. సిన్న దెబ్బ కూడా తగల్నేదు."

పోలమ్మప్ప నవ్వుతుంది, నవ్వుతుంటే పళ్ల సందుల్లోంచి ఇసుక రాలుతుంది. "పరీచ్చలు రాసిందా మరి? నర్సు సదువుతానందే."

చెప్పకూడదనుకుంటాను, నోరు నా మాట వినదు.

"నువ్వు పోయిన నెలకే పెళ్లి సేసీసేరప్పా. ఆ గదికి పంపబట్టే ఇంత పని జరిగింది, ఇంక గడప దాటనివ్వనన్నాడు ఆళ్ల నాన్న. మొగుడిది పారాదీప్‌లో బోటు పని, ఆడే తీసుకుపోనాడు. ఫోన్లో కూడా మాటాడనివ్వరు. కూలిన గోడకి తడిక అడ్డెట్టి గదికి పెద్దలు తాళం ఏసీసేరు. ఏ తల్లీ పిల్లని పంపనంటంది."

పోలమ్మప్ప ఆగిపోతుంది. ఒడ్డు లేదు, చేపలు లేవు, మళ్లీ గదిలోనే ఉన్నాం, నీళ్లు నడుముదాకా వచ్చాయి, గోడ మెల్లగా మా మీదికి వంగుతోంది, తను దాని వంక చూడను కూడా చూడదు, నన్నే చూస్తోంది.

"అయితే ఎర్రమ్మా, నాను దాన్ని ఎక్కడికి తోసేనే?"

తనని లాగుదామని రెండు చేతులూ చాస్తాను.

"అమ్మా, నొప్పెడతంది. సెయ్యి వదులు."

కళ్లు తెరిస్తే మధ్యాహ్నపు ఎండ గుమ్మంలోకి వచ్చి ఉంది. చాప మీద నా పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటున్న మా అమ్మాయి హేమ మణికట్టు నా పిడికిట్లో ఉంది, దాని గాజు చర్మంలోకి దిగి ఎర్రగా కందింది.

"వదులుతానమ్మా" అంటున్నాను గాని, వేళ్లు విడిపోవడం లేదు.