గుండు కింద పడ్డ ఫైలు

నేను ఒక ఫిరంగి గుండు ముక్కని. ముక్క అన్నానని చిన్నచూపు చూడకండి, మూడు కిలోల పైచిలుకు తూగుతాను. కాలి మీద పడితే గోరు ఊడుతుంది. పుట్టినప్పుడు గుండు వెనక ఉండే ఇత్తడి తొడుగుని. సరిహద్దులో ఒక్కసారంటే ఒక్కసారి పేలాను. నాతో వచ్చిన గుండు ఎక్కడ పడిందో నాకు తెలియదు, అవతలివాళ్ళకూ పెద్దగా తెలిసినట్టు లేదు. పేల్చినవాడు నాయక్ యేసోబు, కనిగిరి వైపు మనిషి. పేల్చమన్నవాడు కెప్టెన్ నందిగం భుజంగరావు, తెనాలి మనిషి. ఆయన గొంతు మా ఫిరంగి కంటే దూరం పోయేది.

ఆ రోజే అవతలి గుండు ఒకటి ఈల వేసుకుంటూ వచ్చింది. యేసోబు కెప్టెన్‌ను పక్కకు తోశాడు. కెప్టెన్‌కు ఎడమ చెవి కాస్త మొద్దుబారింది, యేసోబుకు ఎడమ కాలు మోకాలి కింద లేకుండా పోయింది. ఆసుపత్రి గుడారంలో మంచం పక్కన కూర్చుని భుజంగరావు మాట ఇచ్చాడు.

"యేసోబూ, నీకు సర్కారు భూమి వస్తుంది. రాకపోతే నేను ఇప్పిస్తాను. సరేనా?"

"అట్టాగే సాబ్," అన్నాడు యేసోబు. మాట ఇవ్వడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? తంటా అంతా నిలబెట్టుకోవడంలోనే ఉంది.

తర్వాత మా వర్క్‌షాపులో నన్ను మూడు వేళ్ళ ఎత్తున కోసి, కడుపులో సీసం పోసి, బ్రాసో పాలిష్ పెట్టి తోమి కెప్టెన్ గారికి కానుకగా ఇచ్చారు. ఆయన బల్ల మీద నాకో రివాజు ఏర్పడింది. నా కింద పెట్టిన కాగితం అర్జంటన్నమాట. సిపాయి వచ్చి నన్ను ఎత్తి, కాగితం తీసుకుని పరుగెత్తేవాడు. పొద్దుగూకేసరికి పని అయిపోవాలి. ఇది ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మిలట్రీలో అలాంటివి చెప్పరు.

భుజంగరావు పరీక్ష రాసి, యూనిఫాం విప్పి కలెక్టరు కొలువులోకి వచ్చాడు. యూనిఫాం విప్పాడన్న మాటే గాని లోపలి మనిషి విప్పలేదు. జిల్లాలో ఎక్కడ వరదొచ్చినా తహసీల్దార్లను వరసలో నిలబెట్టి మాట్లాడేవాడు. జనం 'మిలట్రీ సారు' అని పేరు పెట్టారు. ఆయన వెంట బంట్రోతుగా ఓ పాత సిపాయి ఉండేవాడు, వాడికి నా రివాజు తెలుసు కనుక బండి సాఫీగా నడిచింది. చివరి ఏడాదికి రాజధానిలో ఓ శాఖకు ముఖ్య కార్యదర్శి అయ్యాడు. శాఖ పేరు చెప్పను, వాళ్ళూ పుస్తకాలు చదువుతారు. అప్పటికి ఆ సిపాయి రిటైరై వెళ్ళిపోయాడు. కొత్త పేషీలో పీఏ కామశాస్త్రి గారు మహా నెమ్మదస్తుడు. అడుగు తీసి అడుగు వేస్తే నేలకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు నడిచేవాడు.

ఇక యేసోబు సంగతి. ఐదెకరాలు ఇచ్చినట్టు కాగితం వచ్చింది, భూమి రాలేదు. అందులో ఓ ఆసామి అప్పటికే నిమ్మతోట వేసుకున్నాడు. భుజంగరావు ఈ జిల్లాలో ఉంటే ఫైలు ఆ జిల్లాలో ఉండేది. ఇరవై ఏళ్ళ పైన కోర్టులు తిరిగి తిరిగి, భూమి యేసోబుదేనని తేలి, చివరికి ఆ ఫైలు మా బల్ల మీదికే వచ్చింది. ఇది దేవుడి లీల అనుకున్నాడు మా సారు. 'యేసోబుకే ఇవ్వాలి, వెంటనే' అని రాసి, సంతకం పెట్టి, నన్ను దాని మీద టప్పున పెట్టాడు. సాయంత్రానికి బల్ల ఖాళీ. సారు మీసం దువ్వుకున్నాడు.

అలా పదకొండు నెలలు గడిచాయి. సారు కొత్త ఆఫీసర్లకు ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు, "నా బల్ల మీద అర్జంటు కాగితానికి పొద్దుగూకదు" అని. యేసోబు కార్డు రాస్తే "కదిలింది, ఓపిక పట్టు" అని జవాబు రాశాడు. కాగితాలు ఇంకా అందలేదన్న పాపానికి అక్కడి కలెక్టర్‌ను ఫోన్‌లో ఉతికి ఆరేశాడు. నాకు నోరుంటే చెప్పేవాణ్ణి. ఇత్తడికి నోరెక్కడిది?

సారు రిటైరయ్యే వారం వచ్చింది. మంగళవారం పొద్దున చంక కర్ర టకటకలాడించుకుంటూ యేసోబే వచ్చాడు. తల నెరిసింది, సెల్యూట్ మాత్రం నెరవలేదు.

"శుక్రవారం దిగిపోతున్నారంట గదా సాబ్. మీరుండగా గానిది ఇంకెవురి చేత అవుద్ది? పైగా ఆసామి కొడుకు ఇప్పుడు పెద్దోడైనాడు. మీరు పోయినాక చూసుకుందాం అంటన్నాడు."

సారు కామశాస్త్రిని పిలిచి ఆ ఫైలు ఎక్కడిదాకా పోయిందో కనుక్కోమన్నాడు.

"ఎక్కడికీ పోలేదు సార్," అన్నాడు కామశాస్త్రి గర్వంగా. "భద్రంగా ఉంది."

ఇనప బీరువా తెరిచాడు. అందులో పదకొండు నెలలుగా నా కింద పడ్డ ఫైళ్ళన్నీ, ముప్ఫై ఏడు, ఎర్ర గుడ్డలో బుద్ధిగా పడుకుని ఉన్నాయి. నా కింద ఫైలు పడ్డ ప్రతి సాయంత్రం కామశాస్త్రి గారే నన్ను రెండు చేతులా ఎత్తి, ఫైలు తీసి, అందులో పెట్టి తాళం వేసేవాడు.

సారు అరవలేదు. అరిస్తే నాకు నయంగా ఉండేది.

"ఎవరు చెప్పారయ్యా ఇలా చెయ్యమని?"

"చెప్పడమెందుకు సార్? మీకు ముందున్న సారు గాజు గుండు పెట్టేవారు. ఆయన ముందు సారు పాలరాయి. పెద్దవారు బరువు పెట్టారంటే తొక్కిపెట్టమనే గదా. మీరు ఏకంగా ఫిరంగి గుండే పెట్టారు. మళ్ళీ గాలి కూడా తగలనివ్వలేదు సార్ నేను."

ఆ పెద్దమనిషి తప్పేముంది? గుండు పెట్టని పనికిమాలిన ఫైళ్ళేమో రెక్కలొచ్చినట్టు కదిలిపోయాయి. భుజంగరావు కుర్చీలో కూలబడ్డాడు. యుద్ధంలో కూడా ఆయన ముఖం అలా పాలిపోవడం నేను చూడలేదు. కాసేపటికి లేచి యేసోబు దగ్గరికి వెళ్ళాడు.

"యేసోబూ, ఇన్నాళ్ళూ నీ ఫైలు తొక్కిపెట్టింది ఆసామి కాదు. నేనే."

యేసోబు బీరువా వైపు చూశాడు, నన్ను చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఫరవాలేదు సాబ్. మన గుండు ఒక్కోపాలి మన మీదే పడుద్ది. ఫిరంగోళ్ళకి తెలవని సంగతా?"

సారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు సిగ్గేసింది, సీసం కరిగితే బాగుండుననిపించింది.

అక్కడి ఆచారం ఒకటుంది. ఫైలే మనుషుల దగ్గరికి వెళ్ళాలి, పెద్ద ఆఫీసరు గుమస్తా బల్ల దగ్గరికి వెళ్ళకూడదు. వెళితే ఆఫీసు పరువు పోతుందట. భుజంగరావు ఫైలు చంకలో పెట్టుకుని, నన్ను చేత్తో పట్టుకుని బయల్దేరాడు. వెనక యేసోబు కర్ర టకటకా. ఏడు బల్లలు. మొదటి బల్ల గుమస్తా టీ తాగుతూ మమ్మల్ని చూసి లేవబోయి, టీ చొక్కా మీద పోసుకుని, ఆ తడి చేత్తోనే సంతకం పెట్టాడు. ఇంకొకాయన "సోమవారం చూస్తాను సార్" అన్నాడు. "తప్పకుండా. సోమవారం దాకా ఇక్కడే ఉంటాను," అని సారు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పావుగంటలో పని అయింది. నన్ను ఏ బల్ల మీదా ఫైలుపై పెట్టలేదు, పక్కన పెట్టాడు. జ్ఞానం వచ్చింది మరి.

శుక్రవారం నాలుగు గంటలకు ఉత్తర్వు టైపై వచ్చింది. ఐదింటికి సన్మానం. శాలువాలు, దండలు, కామశాస్త్రి గారి కన్నీళ్ళు. మిగతా ముప్ఫై ఆరు ఫైళ్ళనూ కట్ట విప్పించి పంపించాకే సారు దండ వేయించుకున్నాడు. మైకు ముందు ఉపన్యాసం చెప్పమంటే, "నేను చాలా వేగంగా పనిచేశాననుకున్నాను" అన్నాడు. అంతే, కూర్చున్నాడు. జనం అది వినయం అనుకుని చప్పట్లు కొట్టారు. సారు కుర్చీలోకొచ్చిన కొత్తాయన బల్ల మీదికి పాలరాతి ఏనుగు తెచ్చుకున్నాడని విన్నాను. దాని కింద పడ్డవాళ్ళను దేవుడే కాపాడాలి.

వెళ్ళేటప్పుడు సారు నన్ను యేసోబు చేతిలో పెట్టాడు. "పేల్చింది నువ్వేగా, నీ దగ్గరే ఉండనీ," అన్నాడు.

ఇప్పుడు నేను కనిగిరి వైపు ఓ రేకుల ఇంట్లో ఉన్నాను. చుట్టూ నిమ్మచెట్లు, ఎప్పుడూ గాలి. నా కింద ఒకే ఒక్క కాగితం ఉంది, యేసోబు పట్టా. ఆసామి కొడుకు రెండుసార్లు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు, కాగితం చూపించమని. యేసోబు నన్ను ఎత్తి చూపించాడు, మళ్ళీ నన్ను దాని మీద పెట్టాడు. ఎన్నో కాగితాల్ని తెలియక తొక్కాను. ఈ ఒక్కదాన్ని మాత్రం తెలిసి తొక్కిపెట్టాను, ఎవడు లాగుతాడో చూస్తాను.